ఒకే చాప మీద ప్రార్థన, వసూలు: ఉత్తర చెన్నై తెలుగు సంఘంలో ఒక అప్పుల కేసు

మా సంఘంలో ఎవరైనా నెల రోజులు వరుసగా ఆరాధనకు రాకపోతే "చల్లారిపోయారు" అంటారు. ఒక పెద్దమనిషిని ఇంటికి పంపుతారు. ఆయన వెళ్లి ఒక అధ్యాయం చదివి, ప్రార్థన చేసి, టీ తాగి వస్తాడు. కొందరు మళ్లీ వస్తారు, కొందరు రారు. రానివాళ్లు ఎందుకు రాలేదో కూర్చుని అడిగే అలవాటు మాకు తక్కువ.

ఒక సోదరి ఆరాధనకు రావడం మానేసింది, ఈ కేసు కూడా నాకు అలాగే వచ్చింది. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. సంఘంలో డీకన్ని, అంటే పరిచారకుణ్ణి, బీదల నిధి లెక్కలు నా చేతిలో ఉంటాయి. నెలకోసారి ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) అయ్యాక విడిగా పట్టే కానుకే ఆ నిధి. ఎక్కువ ఉండదు. మావాళ్లలో చాలామంది తాతలు నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చి కాసిమేడు, తండయార్‌పేట, వ్యాసర్‌పాడి చుట్టుపక్కల స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బైబిలు తెలుగు, పిల్లల పాఠ్యపుస్తకం తమిళమో ఇంగ్లీషో.

ఇక్కడ ఎవరి పేర్లూ రాయడం లేదు. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆ సోదరికి మొత్తం చదివి వినిపించి, ఆమె సరే అన్నాకే రాస్తున్నాను. ఒక్క చోట "ఇంత వద్దన్నా" అంది, అది తీసేశాను.

మొదటి సందర్శన

పాస్టరు అయ్యగారి భార్య, నేను కలిసి వెళ్లాం. సోదరి ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు మగవాడు ఒక్కడే వెళ్లకూడదన్నది మా సంఘంలో నియమం, మంచి నియమం. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. భర్త కాసిమేడు హార్బర్‌లో లోడ్ మనిషి. ఐస్ పెట్టెలు, చేపల బుట్టలు ఎత్తుతాడు. కూతురు ప్లస్ టూ రాసింది, కొడుకు ఎనిమిదో తరగతి.

"ప్రార్థన చేద్దామా అమ్మా?" అని అడిగారు అమ్మగారు.

"చేయండి గానీ అమ్మగారూ, గట్టిగా చేయకండి. మీరొచ్చారని పక్కింటి వాళ్లకు తెలిస్తే లీడరమ్మకు తెలిసిపోతుంది."

లీడరమ్మ అంటే మైక్రోఫైనాన్స్ గుంపు లీడరు. తాకట్టు లేకుండా గుంపుగా ఇచ్చే చిన్న లోన్ అది, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. ఆ వీధిలో బుధవారం సాయంత్రం గృహ కూడిక జరిగేది కూడా ఆ లీడరమ్మ ఇంట్లోనే. ప్రార్థనకు వచ్చే ఐదుగురు ఆడవాళ్లే లోన్ గుంపులోని ఐదుగురు. బుధవారం సాయంత్రం పరిచిన చాప మీదే గురువారం పొద్దున కంపెనీ అబ్బాయి కూర్చుని వాయిదాలు వసూలు చేసుకుంటాడు.

అసలు సంగతి అక్కడే తేలిపోయింది. ఆమె దేవుడి నుంచి దూరంగా పోలేదు. వాయిదా కట్టలేక, గుంపులో మిగతా నలుగురి ముఖం చూడలేక తలుపు వేసుకుంది.

లెక్కలు

రెండోసారి వెళ్లినప్పుడు ఒక పాత నోటుబుక్కు తీసుకెళ్లాను. అప్పుల్లో ఉన్నవాళ్లను "మొత్తం ఎంత?" అని అడగకూడదు. ఎవరూ నిజం చెప్పరు. అబద్ధమాడాలని కాదు, వాళ్లకే తెలియదు. "ఈ వారం ఎవరెవరు ఇంటికొచ్చారు?" అని అడిగితే ఒక్కో పేరూ బయటికొస్తుంది. నా ఉద్యోగం నేర్పిన ఒకే ఒక్క పనికొచ్చే కిటుకు ఇది.

బయటికొచ్చిన జాబితా ఇది. గుంపు లోన్ 50,000, నెలకు 2,650. మరో కంపెనీలో ఇంకో గుంపు లోన్ 40,000, నెలకు 2,120. ఇంటి అడ్వాన్సు కోసం రెండు సవర్ల బంగారం వడ్డీ కొట్లో పెట్టి తెచ్చిన 60,000, నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే నెలకు 1,200 వడ్డీకే పోతోంది. ఒక తెలిసినామె దగ్గర చేబదులు 30,000, నూటికి ఐదు, నెలకు 1,500. క్రిస్మస్ చీటీ 500. అన్నిటికీ మించి తండల్.

తండల్ తెలియనివాళ్ల కోసం చెబుతాను. చెన్నైలో బండి మీద రోజూ వచ్చి వసూలు చేసుకునే అప్పు అది. 20,000 తండల్ అంటే చేతికి 17,000 ఇస్తాడు. రోజుకు 200 చొప్పున వంద రోజులు కట్టాలి. "మూడు వేలే కదా వడ్డీ" అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ పోతుంది కాబట్టి, సరిగ్గా లెక్కగడితే ఏడాదికి నూటికి దాదాపు 120 పడుతుంది. ఆమెకు అది నెలకు 6,000 బరువు.

మొత్తం కలిపితే నెలకు 13,970. ఆమె జీతం 13,500.

హార్బర్‌లో పని ఉన్న నెలల్లో భర్త 12,000 దాకా తెస్తాడు, అప్పుడు ఎలాగో నెట్టుకొస్తారు. కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం, నిషేధం అవసరమే. మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం ఆ కాలానికి భృతి ఇస్తుంది. మత్స్యకారుడిగా నమోదు కాని లోడ్ మనిషికి ఏమీ రాదు. సరిగ్గా ఆ రెండు నెలలు ముగిసేసరికి బడులు తెరుస్తారు. ఈ వీధుల్లో తండల్ అప్పుల్లో చాలా వరకు ఏప్రిల్, మే నెలల్లోనే మొదలవుతాయని నేను గమనించింది.

మే నెల నుంచి ఆమె 50,000 లోన్ వాయిదాలు కట్టలేకపోయింది. మే, జూన్ రెండు నెలలవీ కలిపి 5,300 మిగతా నలుగురూ పంచుకుని కట్టారు. తలా 1,325. ఇడ్లీ బండి పెట్టుకున్న ఆమెకు, ఎండుచేపలు అమ్మే ఆమెకు అది చిన్న డబ్బు కాదు.

ఇక్కడ ఒకటి గమనించాలి. వాయిదా కట్టలేని ఆ నెలల్లో కూడా ఆమె తండల్ ఒక్క రోజు తప్పలేదు. అతను గుమ్మం ముందు బండి ఆపి హారన్ కొడతాడు, వీధంతా వినిపిస్తుంది. ఆ నలుగురూ అరవరు, ప్రార్థనలో ఆమె పక్కనే కూర్చునేవాళ్లు కాబట్టి. ఎవరు గట్టిగా అడిగితే వాళ్లకు ముందు, ఎవరు మనవాళ్లయితే వాళ్లకు చివర. అప్పుల ఇళ్లలో నేను ఎక్కువగా చూసే వరస ఇదే.

రిజర్వు బ్యాంకు నిబంధనలు ఉన్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన మైక్రోఫైనాన్స్ నిబంధనల ప్రకారం, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి ఇచ్చే ఈ లోన్లకు తాకట్టు అడగకూడదు, కుటుంబం నెలనెలా కట్టే మొత్తం వాయిదాలు ఆదాయంలో సగం దాటకూడదు. కానీ ఎవరికి ఎంత లోన్ ఉందో నమోదు చేసే క్రెడిట్ బ్యూరోలో కనిపించేది ఆ రెండు గుంపు లోన్లే. తండల్, చేబదులు, వడ్డీ కొట్టు ఏ కంప్యూటర్‌లోనూ ఉండవు. కాగితం మీద ఆమె చాలా మంచి ఖాతాదారు.

మా వాటా

ఆ చేబదులు 30,000 ఎందుకు తెచ్చిందో చెప్పినప్పుడు అమ్మగారు, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. జనవరిలో కొడుక్కి డెంగ్యూ వచ్చింది. స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంచారు, వైద్యానికి ఖర్చు దాదాపు లేదు. పిల్లవాడు కోలుకుంటే కృతజ్ఞత కూడిక పెడతానని ఆమె మొక్కుకుంది. పెట్టింది. వీధిలో పందిరి, మైక్‌సెట్, కుర్చీలు, సంఘమంతటికీ బిర్యాని, వాక్యం చెప్పడానికి బయటి నుంచి వచ్చిన బ్రదర్‌కు కవరు. జబ్బు ఉచితంగా నయమైంది, కృతజ్ఞతకు 30,000 అయింది.

ఆ రోజు బిర్యాని నేనూ తిన్నాను. మా సంఘంలో తిననివాళ్లు లేరు.

రెండో సంగతి దశమభాగం, అంటే సంపాదనలో పదోవంతు కానుక. ఆమె నెలకు 1,350 కవర్లో పెట్టి ఇస్తుంది. మే నెలలో తను రాకపోయినా కొడుకు చేత పంపింది. లెక్కల పుస్తకంలో ఆ కవరు నేనే రాసుకున్నాను. నలుగురిలో ఒక్కొక్కరికి ఆమె బాకీ 1,325. అంటే ఒక నెల దశమభాగం కవరు ఒక చెల్లెలి బాకీకి సరిపోతుంది, పాతిక రూపాయలు మిగులుతాయి కూడా.

ఈ లెక్క అయ్యగారి ముందు పెట్టాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మత్తయి సువార్త ఐదో అధ్యాయం తీశారు. బలిపీఠం దగ్గర అర్పణ అర్పించబోతూ నీ సహోదరునికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్లి అతనితో సమాధానపడమని యేసు చెప్పిన మాట. ఆ భాగం మీద ఆయనే ఎన్నో ప్రసంగాలు చేశారు. కానీ ఆ అర్పణ ఒక కవరు రూపంలో, ఆ సహోదరుడు 1,325 రూపాయల రూపంలో కళ్లెదుట ఉండటం వేరు. మే నెల కవరు ఆయన వెనక్కి ఇచ్చేశారు. నాలుగు నెలల పాటు కానుక ఇవ్వొద్దని, ఆ డబ్బు నెలకొకరికి ఆ నలుగురికీ ఇవ్వమని ఆమెకు చెప్పారు.

ఆమె ఒప్పుకోలేదు. "దేవుడిది ఆపితే ఇంకా శాపం వస్తుంది అయ్యగారూ" అంది. ఈ మాట మా ప్రసంగాల నుంచి వచ్చిందే కాబట్టి జవాబు కూడా మేమే చెప్పాలి. రెండో కొరింథీ పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు, ఇచ్చే మనసు ఉంటే ఉన్నదాని కొద్దీ ఇచ్చింది చాలు, లేనిదాని కొద్దీ అడగడం లేదని రాస్తాడు. తండల్ తీసి ఇచ్చింది లేనిదే కదా అని అయ్యగారు నెమ్మదిగా అడిగారు. ఆ రోజు ఆమె ఏమీ అనలేదు. రెండు వారాల తర్వాత మొదటి 1,325 ఇడ్లీ బండి ఆమెకు ఇచ్చి వచ్చింది.

కమిటీలో

బీదల నిధి నుంచి సహాయానికి డీకన్ల కమిటీ ఒప్పుకోవాలి. అక్కడ ఒక సహోదరుడు షరతు పెట్టారు. "ఇద్దాం. కానీ ఆదివారం ఆరాధనకు, బుధవారం కూడికకు తప్పకుండా వస్తానని మాట ఇవ్వాలి. లేకపోతే సంఘం డబ్బు తీసుకుని ఇంకో సంఘానికి పోతారు." ఈయన చెడ్డవాడు కాదు, కష్టపడి కానుకలు పోగుచేసే మనిషి. ఆయన భయంలో అనుభవం ఉంది.

నేను బకింగ్‌హామ్ కాలువ సంగతి ఎత్తాను. ఆ కాలువ మా వార్డు పక్క నుంచే పోతుంది, ఇప్పుడు దాని వాసనకు ముక్కు మూసుకుని దాటుతాం. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఆ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించాడు. మా సంఘంలో సగం కుటుంబాల పెద్దలు ఆ ప్రాంతం వాళ్లే. ఆ కరువు పని సాగినంత కాలం బాప్తిస్మం అడిగినవాళ్లకు ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారో విశ్వాసంతో వస్తున్నారో కలిసిపోకూడదని ఆపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న సంఖ్య మా పిల్లలకు కూడా కంఠతా వచ్చు. దాని ముందు నెలల తరబడి ఆయన వద్దని ఆపిన సంగతి మాత్రం జూబ్లీ ప్రసంగాల్లో చెప్పరు. తిండికీ బాప్తిస్మానికీ మధ్య ఆయన గోడ కట్టాడు, మనం డబ్బుకీ హాజరుకీ ముడి వేస్తున్నామని అడిగాను.

షరతు తీసేశారు. ఆ సహోదరుడు మాత్రం ఓటు వేయలేదు.

ఇచ్చింది ఎంత, ఎలా అన్నది ఇంకో చర్చ. అన్ని అప్పులూ తీర్చే ఒక పెద్ద అప్పు ఇప్పిద్దామని ఒకరు అన్నారు. పెద్ద అప్పు చేతికొస్తే పాత చిన్న అప్పుల్లో సగం తీరతాయి, మిగతా సగం అలాగే ఉంటాయి, పైన కొత్తది చేరుతుంది. బ్యాంకు కౌంటర్ వెనక నుంచి చూసి చెబుతున్నాను. ముందు తండల్ మూయాలి, బంగారం చోటు మారాలి. అంతే.

తండల్‌లో ఇంకా 45 రోజులు, 9,000 మిగిలి ఉంది. నిధి నుంచి 9,000 వడ్డీ లేకుండా ఇచ్చాం. దానంగా ఇస్తామంటే ఆమే వద్దంది. నెలకు 750 చొప్పున ఏడాదిలో తిరిగి కడతానంది. తండల్ అతని దగ్గరికి నేను, ఆమె భర్త వెళ్లాం. సామెతల గ్రంథం ఆరో అధ్యాయంలో పొరుగువాడి కోసం పూటపడిన, అంటే హామీ ఉన్న మనిషికి ఒక సలహా ఉంది: నిద్రపోకుండా వెంటనే వెళ్లి బతిమాలుకో అని. అప్పు చేసిన మనిషికి కూడా అదే పనికొస్తుంది. అతను కొంచెం విసుక్కున్నాడు, ముందే కట్టేస్తున్నారు కాబట్టి 500 తగ్గించాడు. ఆమె పేరు రాసున్న చిన్న కార్డు మీద అడ్డంగా గీత కొట్టి ఇచ్చాడు. ఆ తగ్గిన 500 ఆమె తిరిగి నిధిలో వేసింది, మేం వద్దన్నా.

బంగారం విషయంలో పని కొంచెం చిక్కు. వడ్డీ కొట్లోంచి నగ విడిపిస్తేగానీ బ్యాంకు తీసుకోదు, విడిపించడానికి డబ్బు లేదు. సంఘంలో ఇద్దరు కలిసి ఒక్క పూటకు 60,000 సర్దారు. పొద్దున విడిపించి, మధ్యాహ్నం లోపు ఆమె పేరు మీదే బ్యాంకులో పెట్టి, సాయంత్రానికి వాళ్ల డబ్బు వాళ్లకిచ్చాం. బంగారం విలువ ఎక్కువే కాబట్టి 90,000 తీసుకుని, ఆ ఐదు రూపాయల వడ్డీ చేబదులు కూడా అదే రోజు తీర్చేశాం. ఏడాదికి తొమ్మిదిన్నర శాతం. ముందు ఆ రెండిటికీ నెలకు 2,700 వడ్డీ పోయేది, ఇప్పుడు 712. దీనిలో మహిమా లేదు, గొప్పా లేదు. బ్యాంకు గుమ్మం ఎక్కాలంటే ఆమెకు భయం, పక్కన ఒక మనిషి కావాలి. సంఘానికి ఆ మనిషిని పంపడం కష్టం కాదు. ప్రతి తెలుగు సంఘంలోనూ బ్యాంకులోనో, ఎల్‌ఐసీలోనో, తాలూకా ఆఫీసులోనో పనిచేసి రిటైరైన ఒకరిద్దరు ఉంటారు. వాళ్లను ప్రార్థన నడిపించడానికీ, కానుక పళ్లెం తిప్పడానికీ మాత్రమే పిలుస్తాం.

మొత్తం నెల బరువు 13,970 నుంచి 6,732కి దిగింది. అద్దె 5,500 కలిపితే ఆమె జీతంలో మిగిలేది 1,268. అంటే భర్తకు పని లేని నెలల్లో ఇప్పటికీ చాలదు. ఈ లెక్క ఎవరికీ దాచలేదు.

నలుగురితో

అప్పుల లెక్క తేలినంత తొందరగా మనుషుల లెక్క తేలలేదు.

ఐదుగురినీ కూర్చోబెట్టాలని అమ్మగారు పట్టుబట్టారు. లీడరమ్మ ఇంట్లో వద్దు, మా ఇంట్లో వద్దు, చర్చి హాల్లో ఆదివారం బడి పిల్లల బెంచీలు ఖాళీగా ఉన్న మధ్యాహ్నం పెట్టారు. నేను వెళ్లాలా వద్దా అని ఆలోచించాను. వెళ్లి మాట్లాడకుండా కూర్చున్నాను.

మొదట అందరూ మర్యాదగా మాట్లాడారు. "మా చెల్లే కదా అమ్మగారూ, డబ్బుదేముంది." ఇలాంటి మాటలు విన్నప్పుడు సమస్య ఇంకా బయటికి రాలేదని తెలుసుకోవాలి. అమ్మగారు ఏమీ అనకుండా అలాగే ఉండిపోయారు. చివరికి టైలరింగ్ చేసే ఆమె లేచి నిలబడింది.

"డబ్బు గురించి కాదమ్మగారూ. బుధవారం నా కొడుకు పరీక్షల కోసం ఈ మనిషి ఏడ్చి ప్రార్థించింది. నా చెయ్యి పట్టుకుంది. గురువారం పొద్దున నేను తలుపు కొడితే లోపల ఉండి కూడా తియ్యలేదు. రేడియో ఆపేసింది. నాకు వినబడింది."

ఆ సోదరి తల వంచుకుంది. "తీస్తే ఏం చెప్పాలి అక్కా? చేతిలో రూపాయి లేదు."

"లేదని చెప్పు. అదే చెప్పు. నేనేమన్నా తండల్‌వాడినా?"

లీడరమ్మ అందుకుంది. ఆమె కోపం వేరు. గుంపులో ఒకరు కట్టకపోతే కంపెనీ అబ్బాయి లీడరు గుమ్మంలోంచి కదలడు. రాత్రి ఎనిమిదింటికి కూడా వచ్చి కూర్చున్నాడట, ఆమె మామగారి ముందు. "నేను దేవుని పని కోసం ఇల్లు ఇచ్చాను. ఇప్పుడు మా ఇంట్లో వాళ్లు ప్రార్థన కూడా వద్దంటున్నారు" అంది. ఈ కేసులో ఎక్కువ పోగొట్టుకుంది ఎవరని అడిగితే నేను లీడరమ్మ పేరు చెబుతాను. ఆమె ఒక్క రూపాయి వాయిదా తప్పలేదు.

ఎండుచేపలు అమ్మే పెద్దామె చివర్లో ఒక్క మాట అంది: "రేపటి నుంచి అప్పు సంగతి ప్రార్థనలో చెప్పుకుందాం. కడుపునొప్పి చెప్పుకుంటున్నాం, కోడలితో గొడవ చెప్పుకుంటున్నాం, ఇది మాత్రం ఎందుకు దాచడం?" అది మంచి ఆలోచనే అయినా నాకు భయమేసింది. వీధిలో అప్పుల సంగతి బయటపడితే పెళ్లి సంబంధాల దాకా పోతుంది. అమ్మగారు ఒక హద్దు పెట్టారు: ఎవరికి ఎంత అన్నది చెప్పక్కర్లేదు, "ఈ గురువారం నాకు కష్టం" అని బుధవారమే చెబితే చాలు. అప్పుడు నలుగురూ ముందే సర్దుకుంటారు, తలుపు దగ్గర నాటకం ఉండదు.

ఇడ్లీ బండి ఆమె ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. ఆమెకు తన 1,325 అప్పటికే ముట్టింది. ఇప్పటికీ బుధవారం కూడికకు రావడం లేదు, ఆదివారం మాత్రం వస్తుంది. ఆమె దగ్గరికి అమ్మగారు ఇడ్లీ కొనే వంకతో వెళ్తుంటారు. తొందరపెట్టడం లేదు.

వసూలు అబ్బాయి

కంపెనీ అబ్బాయితో నేను విడిగా మాట్లాడాను. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయడం కూడా తప్పే. ఫిర్యాదుకు కంపెనీ నెల రోజుల్లో జవాబివ్వకపోతే ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, 14448కి ఫోన్ చేయవచ్చు. అప్పు వసూలులో బలవంతాన్ని నేరం చేస్తూ తమిళనాడులో 2025లో ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. ఇవన్నీ ఒక కాగితం మీద తమిళంలో రాయించి తీసుకెళ్లాను. చదివి "సార్, నాకు తెలుసు. టార్గెట్ ఎవరు ఇస్తున్నారో వాళ్లకు చెప్పండి" అన్నాడు. అతనికి ఇరవై మూడో ఇరవై నాలుగో ఏళ్లుంటాయి, ఏదో పల్లె నుంచి వచ్చాడు. రాత్రి రావడం మానేశాడు. ఆ కాగితం కాపీలు చర్చి గుమ్మం దగ్గర పెట్టాం, చాలా తొందరగా అయిపోయాయి. తీసుకెళ్లినవాళ్లలో మా సంఘంవాళ్లు కానివాళ్లు కూడా ఉన్నారు.

బిర్యాని తీర్మానం

ఇళ్లలో పెట్టే కృతజ్ఞత కూడికల్లో టీ, బిస్కెట్టు మాత్రమే ఉండాలని, వాక్యం మా సంఘం పెద్దలే చెప్పాలని, కవరు ఉండకూడదని కమిటీలో ప్రతిపాదించాను. ఇంత గొడవ అవుతుందని ఊహించలేదు. "దేవుడికిచ్చేదాంట్లో కూడా లెక్క చూస్తారా?" అన్నారు. "పేదవాళ్లకు కడుపునిండా పెట్టే అవకాశం ఉన్నది ఆ ఒక్క రోజే" అని ఒక పెద్దాయన అన్నది మాత్రం నన్ను ఆపింది. అందులో నిజముంది. విందు పెట్టడం మావాళ్లకు పరువు. ఊళ్లో విందుల్లో తాతలను అందరికంటే చివర కూర్చోబెట్టిన పందిళ్లు గుర్తున్నవాళ్లకు, తన వీధిలో తన డబ్బుతో అందరినీ కూర్చోబెట్టి వడ్డించడం చిన్న సంగతి కాదు.

తీర్మానం మెత్తబడి బయటికొచ్చింది: అప్పు చేసి కూడిక పెట్టకూడదు, సంఘం పెద్దలకు ముందు చెప్పాలి, బిర్యాని పెడతామంటే ఎవరూ ఆపరు. పందిరి, మైక్‌సెట్ మాత్రం ఆగాయి. చర్చి హాలు ఉచితంగా ఇస్తున్నాం. ఆ తర్వాత జరిగిన కూడికల్లో కొన్నింటిలో టీ ఇచ్చారు, కొన్నింటిలో బిర్యానే. ఎవరు అప్పు చేశారో అడిగే ధైర్యం పెద్దలకు ఇంకా రాలేదు. నాకూ కష్టంగానే ఉంది.

ఇప్పుడు కేసు ఎక్కడుంది

నలుగురి బాకీ తీరింది. నిధికి నెలనెలా 750 వస్తోంది, ఒక నెల తప్పింది, తర్వాతి నెల కలిపి కట్టింది. కానుక కవరు మళ్లీ మొదలైంది, ఎంత అన్నది నేను చూడటం మానేశాను. ఆ కవర్లు ఇప్పుడు ఇంకో డీకన్ విప్పుతారు. సహాయం లెక్క రాసే మనిషే కానుక లెక్క రాయకూడదని మేం నిర్ణయించుకున్నాం.

వచ్చే నిషేధ కాలం కోసం బ్యాంకులో నెలకు 1,500 చొప్పున పది నెలల ఆర్‌డీ (నెలనెలా కట్టే పొదుపు డిపాజిట్) వేయించాం. అది ఏప్రిల్‌లో చేతికొస్తుంది, 15,000 పైచిలుకు. భర్తకు ఆ రెండు నెలలు మాధవరం లారీ షెడ్లలో లోడింగ్ పని చూడటానికి సంఘంలో లారీ ఉన్న ఒకాయన ఒప్పుకున్నారు. హార్బర్ పనికి అలవాటుపడిన మనిషి అక్కడ నిలుస్తాడో లేదో చూడాలి.

ప్రార్థన గుంపూ లోన్ గుంపూ ఒకటిగా ఉండకూడదన్నది నా అభిప్రాయం, వేరే సంఘాల డీకన్లు అడిగితే అదే చెబుతున్నాను. ఆడవాళ్లు మాత్రం ఒప్పుకోవడం లేదు. "తెలియనివాళ్లకు పూటపడమంటారా అన్నా? నమ్మేది ఎవరిని, పక్కన మోకరించేవాళ్లనే కదా" అని లీడరమ్మే అడిగింది. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. వసూలు చోటు మాత్రం మారింది, ఇప్పుడు వీధి చివర రేషన్ కొట్టు అరుగు మీద జరుగుతోంది.

పాత లోన్ అయిపోవస్తుండగా కంపెనీ ఐదుగురికీ 70,000 చొప్పున కొత్త లోన్ ఇస్తానంది. ఐదుగురూ నన్ను పిలిచి లెక్క చూడమన్నారు. చూశాను, వద్దన్నాను. లీడరమ్మ, టైలరింగ్ ఆమె కుట్టుమిషన్ల కోసం కావాలని తీసుకుంటున్నారు, వాళ్ల లెక్క వాళ్లకు కుదురుతుంది. మిగతా ముగ్గురూ సంతకం పెట్టలేదు. ఐదుగురు లేకపోతే గుంపు లేదని కంపెనీ అంటోంది. ఆ ఇద్దరికీ ఇంకో ముగ్గురిని వెతికే పనిలో ఉంది ఈ కేసులోని సోదరి.